ఇంజిన్ ఎంత తాగాలో చెప్పండి, ఎలా ఉండాలో చెప్పకండి

అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య సాంకేతిక కమిషన్ సభ్యులకు,

నమస్కారం.

టూ-స్ట్రోక్ (పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలేలోపే ఒక మంట పూర్తి చేసే రకం) రేస్ ఇంజిన్లను సొంతంగా గీసి, కోసి, పోసి, నడిపి చూసుకునే వాళ్లలో నేనొకణ్ని. మాలాంటివాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. పగలు ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటాం. రాత్రి అయితే షెడ్డులో సిలిండర్, కోణాలు కొలిచే డిగ్రీ వీల్, లోహం చెక్కే డై గ్రైండర్ మా లోకం. మా పేర్లు మీ దాకా వచ్చి ఉండవు. మీ నియమావళి మాత్రం మాకు బాగా తెలుసు, ఎందుకంటే మేం ఏ ఇంజిన్‌తో పోటీకి దిగొచ్చో, దేనితో దిగకూడదో చెప్పేది అదే.

ఈ ఉత్తరంలో అడుగుతున్నది ఒక్కటే. రోడ్ రేసింగ్‌లో ఒక్క తరగతికైనా మూడే మూడు హద్దులు పెట్టండి: సిలిండర్ ఒకటే ఉండాలి, రేసుకి ఇంత ఇంధనమే ఇస్తాం, శబ్దం ఇంతకు మించకూడదు. స్ట్రోకులు ఎన్ని, సీసీ ఎంత, గాలి ఎటు నుంచి లోపలికి పోవాలి, పొగ ఎటు నుంచి బయటికి రావాలి అన్నవి మాత్రం రాయకండి. వాటిని కట్టేవాళ్లకి వదిలేయండి.

రోడ్ రేసింగ్‌లో అన్నిటికన్నా పై తరగతి అయిన మోటోజీపీలోకి టూ-స్ట్రోక్‌ని తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. పాత రోజుల మీద బెంగతోనూ రాయడం లేదు. ఇంజిన్ విద్యలో ఇంకా తేలని ప్రశ్నలు ఎక్కువగా మిగిలింది ఈ చిన్న సిలిండర్‌లోనే అని నమ్ముతున్నాను. వాటి మీద పని చేస్తున్నవాళ్లకి తమ ఇంజిన్‌ని తేల్చుకునే చోటు లేకపోయింది.

నియమం అనేది ఆలోచనని ఎలా పెంచుతుందో, ఎలా ఆపేస్తుందో మీ సమాఖ్య చరిత్రలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు డీకేడబ్ల్యూ కంపెనీ 250 సీసీ టూ-స్ట్రోక్ బళ్లకి గాలిని కుక్కి పంపే అదనపు పంపు ఉండేది. 1938లో ఎవాల్డ్ క్లూగె ఐల్ ఆఫ్ మ్యాన్‌లో లైట్‌వెయిట్ టీటీ రేసు గెలిచింది అలాంటి బండి మీదే. యుద్ధం అయ్యాక 1946లో అలా పంపుతో గాలి కుక్కడాన్ని, అంటే సూపర్‌చార్జింగ్‌ని, నిషేధించారు. టూ-స్ట్రోక్‌కి అది పెద్ద దెబ్బ. పంపు తీసేస్తే అది మామూలు నాసిరకం ఇంజినే.

ఆ దెబ్బలోంచే అసలు సంగతి పుట్టింది. తూర్పు జర్మనీలోని చోపావ్‌లో ఎంజెడ్ కంపెనీ రేసింగ్ విభాగాన్ని నడిపిన వాల్టర్ కాడెన్, పంపు చేయాల్సిన పనిని ఎగ్జాస్ట్ పైపు చేత చేయించారు. ఆయన దగ్గర డబ్బు లేదు, మంచి లోహం దొరకదు, మనుషులు కొద్దిమందే. గాలి లోపలికి వచ్చే దారిని తిరుగుతూ తెరిచి మూసే డిస్క్ వాల్వ్, కొత్త మిశ్రమాన్ని సిలిండర్‌లోకి పంపే అదనపు ట్రాన్స్‌ఫర్ పోర్టు, మధ్యలో ఉబ్బి మళ్లీ సన్నబడే ఎగ్జాస్ట్ పైపు అయిన ఎక్స్‌పాన్షన్ చాంబర్, ఈ మూడింటినీ ఒకదానికొకటి కుదిర్చి, 1961 నాటికి 125 సీసీ సింగిల్ సిలిండర్ నుంచి 25 హార్స్‌పవర్ రాబట్టారు. లీటరుకి 200 హార్స్‌పవర్ అన్నమాట. సూపర్‌చార్జర్ లేకుండా అంతకు ముందు ఏ ఇంజినూ అక్కడిదాకా రాలేదు. అదే ఏడాది ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ గ్రాండ్ ప్రీ నుంచి అటే పడమటికి తప్పించుకుపోయి, తనకు తెలిసిన విద్యనంతా సుజుకీకి చేరవేశాడు. 1962లో 50 సీసీ టైటిల్ సుజుకీ గెలిచింది. టూ-స్ట్రోక్‌కి అదే తొలి ప్రపంచ చాంపియన్‌షిప్.

పంపు వద్దన్నారు తప్ప, పైపు ఇలాగే ఉండాలని ఎవరూ రాయలేదు. అందుకే కాడెన్‌కి పని చేయడానికి చోటు మిగిలింది.

ఇంకో నియమం కూడా గుర్తు చేయాలి, ఎందుకంటే అది మా వాదానికి అడ్డంగా కనిపిస్తుంది. 1967 నాటి సుజుకీ 50 సీసీ బండికి రెండు సిలిండర్లు, 14 గేర్లు. ఆర్పీఎం 17,000 దాటేది. పెద్ద కంపెనీలు తప్ప ఇంకెవరూ అటు తొంగిచూడలేని పరిస్థితి. 1969 నుంచి 50 సీసీ తరగతికి సిలిండర్ ఒకటే, గేర్లు ఆరే అని హద్దు పెట్టారు. ఇంజనీరింగ్ మీద ప్రేమ ఉన్నవాళ్లకి ఆ రెండు సిలిండర్ల చిన్న బళ్లు మాయమవడం బాధగానే ఉంటుంది. నాకూ ఉంది. కానీ ఆ నియమం మంచిదే. అది డబ్బుని ఆపింది, ఆలోచనని ఆపలేదు. షెడ్డులో పని చేసేవాడు మళ్లీ పోటీలో నిలబడగలిగాడు. నేను అడుగుతున్న తరగతిలో కూడా సిలిండర్ ఒకటే అన్నది అందుకే.

అలాంటి షెడ్డులోంచి వచ్చినవాళ్లే నెదర్లాండ్స్‌కి చెందిన యాన్ థీల్, మార్టిన్ మైవార్ట్. వాళ్లు కట్టిన 50 సీసీ జమాతీ బండి 1968లో అస్సెన్‌లో డచ్ టీటీ గెలిచింది. ఆ తర్వాత థీల్ కంపెనీలు మారుతూ, అదే సిలిండర్‌ని దశాబ్దాల పాటు మెరుగుపరుస్తూ పోయారు. చివరికి అప్రిలియాలో ఆర్ఎస్ఏ 125 కట్టారు. 54 మిల్లీమీటర్ల బోర్ (సిలిండర్ వెడల్పు), 54.5 మిల్లీమీటర్ల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), 13,000 ఆర్పీఎం చుట్టూ దాదాపు 54 హార్స్‌పవర్. లీటరు లెక్కన చూస్తే 430 పైమాటే. కాడెన్ గీతకి రెట్టింపు కన్నా ఎక్కువ, అదీ ఫోర్-స్ట్రోక్ తరహా కవాటాలు లేని, కామ్ షాఫ్ట్ లేని, ఊపిరంతా తానే పీల్చుకునే ఒక్క సిలిండర్ నుంచి.

ఆ సిలిండర్‌లో ఏం జరుగుతోందో ఒకసారి లెక్క వేసి చూడండి. మీలో చాలామందికి ఇది తెలుసు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ లెక్క చూస్తే ఈ ఇంజిన్ మమ్మల్ని ఎందుకు వదలదో అర్థమవుతుంది.

13,000 ఆర్పీఎం దగ్గర క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) ఒక చుట్టు తిరగడానికి పట్టేది 4.6 మిల్లీసెకన్లు. ఆ 360 డిగ్రీల చుట్టులో ఎగ్జాస్ట్ పోర్టు, అంటే పొగ బయటికి పోయే సిలిండర్ గోడలోని రంధ్రం, 200 డిగ్రీల సేపు తెరిచి ఉందనుకుంటే అది 2.6 మిల్లీసెకన్లు. ట్రాన్స్‌ఫర్ పోర్టులకి 130 డిగ్రీలు, అంటే 1.7 మిల్లీసెకన్లు. ఎగ్జాస్ట్ తెరుచుకున్నాక, ట్రాన్స్‌ఫర్ తెరుచుకునేలోపు కాలిన వాయువు ఒత్తిడి దిగిపోవాలి. దీన్ని మేం బ్లోడౌన్ అంటాం. దానికి మిగిలేది 35 డిగ్రీలు. అర మిల్లీసెకను కూడా కాదు. ఆ కొద్ది వ్యవధిలో ఒత్తిడి దిగకపోతే కాలిన వాయువు ట్రాన్స్‌ఫర్‌లోకి ఎదురు తన్ని, కొత్తగా రావాల్సిన గాలి-పెట్రోలు మిశ్రమాన్ని పిస్టన్ కింద ఉండే క్రాంక్‌కేస్‌లోకే నెట్టేస్తుంది. శక్తి మొత్తం అక్కడే పోతుంది. అందుకే ఎగ్జాస్ట్ పోర్టుని పైకి పెంచాలా, పక్కలకి వెడల్పు చేయాలా, సాయంగా ఇంకో రెండు చిన్న పోర్టులు తెరవాలా అన్నదాని మీద జీవితాలు గడిపినవాళ్లున్నారు. మరీ వెడల్పు చేస్తే రింగు పోర్టులోకి ఉబ్బి విరిగిపోతుంది. మరీ ఎత్తు చేస్తే పేలుడు పిస్టన్‌ని నెట్టే దూరం తగ్గిపోతుంది.

ఇక పైపు. పోర్టు తెరుచుకోగానే బయలుదేరిన ఒత్తిడి అల ఆ వేడిలో సెకనుకి 500 మీటర్లకి పైగా వేగంతో పోతుంది. పైపు వెడల్పయ్యే కోన్‌లోకి చేరగానే వెనక్కి ఒక చూషణ అల వస్తుంది. అది కాలినదాన్ని లాగేయడమే కాకుండా, ట్రాన్స్‌ఫర్ గుండా కొత్త మిశ్రమాన్ని కూడా లాగుతుంది. కొంత మిశ్రమం పైపులోకి పోతుంది కూడా. ఆ తర్వాత పైపు మళ్లీ సన్నబడే చోటు నుంచి ఒత్తిడి అల తిరిగొచ్చి, బయటికి పోయిన ఆ మిశ్రమాన్ని పోర్టు మూసుకునే ఆఖరి క్షణంలో సిలిండర్‌లోకి కుక్కేస్తుంది. 2.6 మిల్లీసెకన్లలో రానూపోనూ ప్రయాణం పూర్తి కావాలి కాబట్టి, పైపు పొడవు 70, 80 సెంటీమీటర్ల చుట్టూ తేలుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేని రేకు పైపు సూపర్‌చార్జర్ పని చేస్తోంది.

అయితే ఆ పొడవు స్కేలుతో కొలిచి వదిలేసేది కాదు. వాయువు వేడెక్కితే అల వేగం పెరుగుతుంది, అంటే పైపు చిన్నదైనట్టే. అందుకే పై ఆర్పీఎంలో ఇగ్నిషన్‌ని, అంటే స్పార్క్ కొట్టే వేళని, వెనక్కి జరుపుతాం. మంట ఆలస్యంగా మొదలై, పైపు వేడెక్కి, ఇంజిన్ ఇంకో వెయ్యి ఆర్పీఎం సాగుతుంది. తక్కువ ఆర్పీఎంలో పైపులోకి నీళ్లు చల్లితే దీనికి సరిగ్గా తిరగబడుతుంది. చల్లబడిన పైపు పొడవైనట్టు పని చేసి కింది లాగుడు ఇస్తుంది. నీటి మీద నడిచే స్కూటర్లలో దీన్ని వాడారు కూడా. ట్రాంబోన్ వాద్యంలా పైపునే జరుపుతూ పొడవు మార్చే ప్రయోగాలు చేస్తున్నవాళ్లున్నారు. 1977లో యమహా తన 500 మీద పెట్టిన పవర్ వాల్వ్ కూడా ఇదే కోవలోది. అది పోర్టు ఎత్తుని నడుస్తుండగానే మారుస్తుంది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. పోర్టు దాటాక ఎగ్జాస్ట్ దారి ఎంత పెద్దదైతే అంత మంచిదని చాలాకాలం నమ్మకం. గ్రైండర్ పట్టుకున్న ప్రతివాడూ మొదట చేసేది దాన్ని పెద్దది చేయడమే. తీరా చూస్తే దారి బయటికి వచ్చే చోట పోర్టు కన్నా సన్నగా ఉంటేనే శక్తి పెరుగుతుందని తేలింది. లోపలి ఖాళీ తగ్గితే తిరిగొచ్చే అల బలం చెదరకుండా అందుతుంది, బయటికి పోయిన మిశ్రమం అనవసరంగా వేడెక్కదు. దశాబ్దాల నమ్మకం, ఇంజిన్ శక్తిని కొలిచే డైనో మీద తలకిందులైంది. ఇలాంటివి ఇంకెన్ని మిగిలి ఉన్నాయో అన్నదే మాకు నిద్ర పట్టనివ్వని విషయం.

ఒకప్పుడు ఈ ప్రశ్నల వెనక పెద్ద సంస్థలు ఉండేవి. బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో గోర్డన్ బ్లెయిర్, ఆయన విద్యార్థులు పైపుల్లో అలల కదలికని కంప్యూటర్‌లో లెక్కగట్టడానికి ఏళ్ల తరబడి పని చేశారు. కంపెనీల రేసింగ్ విభాగాలు ఉండేవి. ఇప్పుడు ఆ పని ఎక్కువగా మా చేతుల్లో పడింది. సిమ్యులేషన్ మామూలు లాప్‌టాప్ మీద నడుస్తోంది. సిలిండర్ నమూనాని త్రీడీ ప్రింటర్‌లో తీసి, ఇసుక అచ్చులో అల్యూమినియం పోసుకుంటున్నవాళ్లున్నారు. ట్రాన్స్‌ఫర్ దారుల ఆకారం మార్చడానికి ఎపాక్సీ నింపి, ఎండాక చెక్కి, డైనో మీద పెట్టి, నచ్చకపోతే మళ్లీ నింపుతారు. పైపులో ప్రెషర్ సెన్సర్, సిలిండర్ హెడ్ మీద డిటోనేషన్‌ని (మిశ్రమం అదుపు తప్పి పేలడాన్ని) పట్టే సెన్సర్, సొంతంగా రాసుకున్న ఇగ్నిషన్ ప్రోగ్రామ్. ఒకప్పుడు గ్రాండ్ ప్రీ జట్ల దగ్గర తప్ప కనిపించని పనిముట్లు ఇవి.

ఇంజిన్ డైనో మీద నిలబడ్డాక దాన్ని ఎక్కడ నడపాలి? చిన్న క్లబ్ రేసుల్లో కొన్నిచోట్ల చోటిస్తారు. వాళ్లకి మేం రుణపడి ఉన్నాం. అంతకు పైన అయితే పాత బళ్ల విభాగం. అక్కడ ఇంజిన్ ఆనాటిదై ఉండాలి, కొత్త ఆలోచనకే నిషేధం. రోడ్ రేసింగ్‌లో మిగతా తలుపులు మీ నియమావళి మూసేసింది.

500 సీసీలో 1975 నుంచి 2001 దాకా ప్రతి ప్రపంచ టైటిలూ టూ-స్ట్రోక్‌దే. మధ్యలో హోండా తన పట్టుదలకొద్దీ 1979లో ఎన్ఆర్ 500 అనే ఫోర్-స్ట్రోక్‌ని దింపింది. కోడిగుడ్డు ఆకారపు పిస్టన్లు, 32 కవాటాలు. ఇంజనీరింగ్‌గా చూస్తే అద్భుతమే. ఒక్క గ్రాండ్ ప్రీ కూడా గెలవలేదు. చివరికి హోండా మూడు సిలిండర్ల టూ-స్ట్రోక్ కట్టుకుంది, 1983లో ఫ్రెడీ స్పెన్సర్ దాని మీద చాంపియన్ అయ్యాడు. 2002లో 500 సీసీ టూ-స్ట్రోక్ ఎదుట 990 సీసీ ఫోర్-స్ట్రోక్‌ని నిలబెట్టారు. 250 తరగతి 2009తో, 125 తరగతి 2011తో ముగిసిపోయాయి. 125 స్థానంలో 2012 నుంచి వచ్చిన మోటో3 బండికి 250 సీసీ ఫోర్-స్ట్రోక్ ఇంజిన్.

సీసీ రెట్టింపు ఇవ్వడం అన్యాయం అని నేను అనను. టూ-స్ట్రోక్ ప్రతి చుట్టుకీ ఒకసారి మండుతుంది, ఫోర్-స్ట్రోక్ రెండు చుట్లకి ఒకసారి. కాబట్టి ఎంతో కొంత తేడా ఇవ్వాల్సిందే. ఎంత ఇవ్వాలి అన్నదాని మీద వాదన ఎప్పటికీ తేలదు. ఒకటిన్నర రెట్లు అంటే ఒకరికి కోపం, రెండు రెట్లు అంటే ఇంకొకరికి. ఈ తగువు తేలకే చివరికి టూ-స్ట్రోక్‌ని పూర్తిగా బయట పెట్టడం సులువైంది.

ఇంధనం కొలిస్తే ఈ తగువే ఉండదు. పోటీదారులందరికీ అవే లీటర్లు, అదే ఇంధనం. దాంట్లోంచి ఎవరు ఎక్కువ పని రాబట్టుకుంటారో వాళ్లు ముందు. రెండు స్ట్రోకులైనా, నాలుగైనా, ఎవరూ ఇంకా గీయని రకమైనా సరే. ఎంత ఇవ్వాలన్నదానికి కొత్తగా పరిశోధన అక్కర్లేదు. ఒక రేసు దూరానికి మోటో3 బండి ఎంత తాగుతుందో లెక్క మీ దగ్గర ఉంది. దానికన్నా పది శాతం తక్కువ ఇవ్వండి. మేం కుదురుకున్నాం అనిపించినప్పుడు ఇంకొంచెం తగ్గించండి.

పొగ సంగతి మీరు అడుగుతారని తెలుసు. అడగాల్సిందే. కార్బ్యురేటర్ ఉన్న పాతకాలపు టూ-స్ట్రోక్, పైపు కుదరని ఆర్పీఎంలో, లోపలికి వచ్చిన మిశ్రమంలో పెద్ద వాటానే కాల్చకుండా బయటికి వదిలేస్తుంది. దానికి తోడు నూనె. నగరాల గాలికి ఇది చేసిన చెరుపుని ఎవరూ కాదనలేరు, రోడ్డు బళ్ల నుంచి దాన్ని తీసేయడం సరైన నిర్ణయమే. కానీ ఆ లోపం రెండు స్ట్రోకులకి పుట్టుకతో వచ్చిన రోగం కాదు. గాలితో పాటు పెట్రోలుని కూడా ట్రాన్స్‌ఫర్ గుండా పంపడం వల్ల వచ్చేది. పోర్టు మూసుకునే వేళకి ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి కొడితే బయటికి పోయేది ఎక్కువగా గాలే. చెప్పినంత తేలిక కాదు. 1997లో బిమోటా కంపెనీ 500 వీడ్యూయే బండికి సొంత ఇంజెక్షన్ పెట్టి చాలా ఇబ్బంది పడింది, ఆ బండి నిలదొక్కుకోలేదు. కానీ ఆ తర్వాత మంచు మీద నడిచే స్నోమొబైళ్లలో రోటాక్స్ ఇంజిన్లు నేరు ఇంజెక్షన్‌తో చక్కగా పని చేశాయి, టర్బో కూడా ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. కేటీఎం 2018 మోడల్ ఎండ్యూరో బళ్లకి ట్రాన్స్‌ఫర్ పోర్టులోకే ఇంజెక్షన్ పెట్టింది.

ఇంకా ఆశ్చర్యపరిచేది ఓనిషి పని. 1979లో జపాన్‌లో షిగేరు ఓనిషి, ఆయన సహచరులు ఒక టూ-స్ట్రోక్‌లో గమనించారు: లోపల మిగిలిన కాలిన వాయువు వేడికి, స్పార్క్ అవసరం లేకుండా, మిశ్రమం మొత్తం ఒకేసారి మెత్తగా అంటుకుంటోంది. తక్కువ లోడ్‌లో టూ-స్ట్రోక్ తడబడుతూ, ఒక చుట్టు మండి ఒక చుట్టు మానే జబ్బు దీంతో తగ్గింది. తర్వాత కార్ల కంపెనీలు, యూనివర్సిటీలు ఎంతో ఖర్చు పెట్టి వెంటపడిన స్వయంజ్వలన దహనానికి మొదటి మెట్టు అదే. హోండా ఆ దారిలోనే 400 సీసీ ఈఎక్స్‌పీ-2 కట్టి 1995 గ్రనడా-డాకార్ ర్యాలీకి పంపింది. తనకన్నా చాలా పెద్ద ఇంజిన్ల మధ్య అది మొత్తం మీద అయిదో స్థానంలో ముగించింది. ఎడారి ర్యాలీలో ఇంధనం ఎంత ముఖ్యమో మీకు వేరే చెప్పక్కర్లేదు. టూ-స్ట్రోక్‌లో ఆ దారి మధ్యలోనే ఆగిపోయింది. దాన్ని ముందుకు తీసుకెళ్లాలని ఉన్న మనుషులు ఇప్పుడూ ఉన్నారు.

ఇంధన హద్దు ఉన్న పోటీలో పచ్చి పెట్రోలుని పైపులోంచి వదిలేసేవాడు ఆఖరి ల్యాప్ చూడడు. పొగ మీద వేరే నియమం రాయాల్సిన అవసరం కూడా పెద్దగా రాదు. ఇంధనం ఏదన్నది మీరే నిర్ణయించండి. మోటోజీపీలో 2024 నుంచి కనీసం 40 శాతం, 2027 నుంచి పూర్తిగా, భూమిలోంచి తవ్వని ఇంధనమే వాడాలని నియమం పెట్టారు. మాకూ అదే పెట్టండి. నూనె విషయంలో కూడా మాకు అభ్యంతరం లేదు. టూ-స్ట్రోక్ రేసింగ్ ఆముదం నూనెతోనే పెరిగింది. మొక్క నుంచి వచ్చే నూనె ఆ వేడికి ఎంత బాగా ఆగుతుందో మాకు అనుభవమే. 1998లో 500 సీసీకి సీసం లేని పెట్రోలు తప్పనిసరి చేసినప్పుడు కూడా డిటోనేషన్‌తో అందరూ తంటాలు పడ్డారు, తర్వాత కుదురుకున్నారు. కొత్త ఇంధనం మమ్మల్ని భయపెట్టదు.

శబ్దం గురించి ఎక్కువ రాయను. పని చేసేది పైపు లోపలి ఆకారం. దాని చివర సైలెన్సర్ ఎంత పెద్దదైనా పెట్టుకోవచ్చు, కాస్త బరువు తప్ప నష్టం లేదు. కఠినంగా కొలవండి.

భద్రత మాత్రం గట్టిగా చూడాల్సిన విషయం. టూ-స్ట్రోక్ సీజ్ అయితే, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోతే, వెనక చక్రం పట్టేస్తుంది, వెనక వచ్చేవాడికి తప్పించుకునే వ్యవధి ఉండదు. ఇంట్లో పోసిన క్రాంక్‌కేస్ పగిలితే నూనె ట్రాక్ మీదికి వస్తుంది. అందుకని ట్రాక్ మీదికి వచ్చే ముందు ప్రతి కొత్త ఇంజినూ డైనో మీద, మీ మనిషి ఎదుట, రేసు దూరమంత సేపు ఫుల్ లోడ్‌లో నడవాలని నియమం పెట్టండి. దాన్ని తట్టుకోలేని ఇంజిన్ ట్రాక్ మీదికి రాకూడదు. తయారీదారులుగా మాకిది భారమే. అయినా ఈ నియమాన్ని సడలించమని మాలో ఎవరైనా అడిగితే వినకండి.

ఇంకో నియమం నా తరఫున అడుగుతున్నాను, దీని మీద మాలోనే అందరూ ఒప్పుకోరని తెలిసీ. సీజన్ ముగిశాక, ఈ తరగతిలో పోటీ చేసిన ప్రతివాళ్లూ తమ పోర్టుల కొలతలు, పైపు కొలతలు, ఇగ్నిషన్ కర్వ్ (ఏ ఆర్పీఎంకి స్పార్క్ ఎప్పుడన్న పట్టిక) బయటపెట్టాలి. ఎవరైనా చూడగలిగేలా మీరు వాటిని భద్రపరచాలి. కారణం చెప్తాను. రేసింగ్ విభాగాలు మూతపడ్డప్పుడు ఎన్నో డ్రాయింగులు చెత్తలోకి పోయాయి. ఏ మార్పు పని చేసింది అన్నది కాస్తో కూస్తో మిగిలింది. ఏది పని చేయలేదు, ఎందుకు చేయలేదు అన్నది దాదాపు మొత్తం మనుషుల బుర్రల్లోనే ఉండిపోయింది, ఆ మనుషులు ఇప్పుడు ముసలివాళ్లు. యాన్ థీల్ లాంటి ఒకరిద్దరు తమకు తెలిసింది దాచుకోకుండా చెప్పబట్టి నాలాంటివాళ్లకి ఈ విద్య అబ్బింది. వాళ్ల మంచితనం మీద ఆధారపడే బదులు దీన్ని నియమంగా రాస్తే, ఇరవై ఏళ్ల కుర్రాడెవరైనా మా తప్పులన్నీ తొక్కుకుంటూ రాకుండా, మేం ఆగిన చోటు నుంచి మొదలుపెడతాడు.

జూనియర్ మోటోక్రాస్‌లో పిల్లలు ఇవాళ్టికీ 65, 85, 125 సీసీ టూ-స్ట్రోక్‌ల మీదే మీ ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడుతున్నారు. అంటే ఇంజిన్ మీద మీకు ద్వేషం లేదు. దాన్ని పిల్లల బండిగా, లేకపోతే పాత బండిగా చూస్తున్నారు. ఇంకా పూర్తికాని యంత్రంగా చూడండి అన్నదే నా మనవి. మాకు ప్రదర్శన ల్యాపులు వద్దు, సన్మానాలు వద్దు.

పెద్ద ఏర్పాట్లు కూడా అక్కర్లేదు. ఇప్పుడు జరుగుతున్న ఏదైనా చాంపియన్‌షిప్‌లో ఏడాదికి రెండు మూడు వారాంతాలు, ఒక ప్రాక్టీసు, ఒక రేసు ఇవ్వండి. ప్రపంచ చాంపియన్‌షిప్ అన్న పేరు ఇవ్వక్కర్లేదు. ఫ్యాక్టరీ జట్లు వస్తామంటే రానివ్వండి, కానీ కొలతలు బయటపెట్టే నియమం వాళ్లకీ వర్తించాలి. మూడు సీజన్లు చూడండి. గ్రిడ్ నిండకపోతే ఆపేయండి, మేం మళ్లీ ఉత్తరం రాయం.

ఒక్క విషయంలో మాత్రం ముందుచూపు కావాలి. కొత్త సిలిండర్ గీసి, పోత పోసి, లోపల ప్లేటింగ్ చేయించి, పైపులు చుట్టి, ఇంజెక్షన్ కుదిర్చి, డైనో మీద రేసు దూరం నమ్మకంగా నడిచే స్థితికి తేవడానికి, ఉద్యోగం చేసుకుంటూ పని చేసేవాళ్లకి ఒక్క శీతాకాలం చాలదు. కాబట్టి ముసాయిదా నియమాలని, ముఖ్యంగా ఇంధనం ఎన్ని లీటర్లన్నదీ, శబ్దం ఎన్ని డెసిబెల్స్ అన్నదీ, మొదటి రేసుకి కనీసం రెండేళ్ల ముందు ప్రకటించండి. ఆ రెండు అంకెలు చేతికి వచ్చిన రోజే మేం గీయడం మొదలుపెడతాం.

గౌరవంతో,
ఒక టూ-స్ట్రోక్ ఇంజిన్ తయారీదారు